ఆపరేషన్‌కి ముందు ఏడు వారాలు

మన ఇళ్ళల్లో ఎవరికైనా పెద్ద జబ్బని తేలితే ముందుగా జరిగే పని ఆ మనిషిని మంచం ఎక్కించడం. మందులూ డాక్టర్లూ ఆ తర్వాత. లేవబోతే "నువ్వు పడుకో, నేను తెస్తాగా" అంటారు. మంచినీళ్ళు మంచం దగ్గరికి, కంచం మంచం దగ్గరికి, చివరికి టీవీ కూడా మంచానికి ఎదురుగా జరుపుతారు. ఇదంతా ప్రేమే, కాదనను. ఆ ప్రేమతోనే 2023 వేసవిలో ఏడు వారాల పాటు నాకు పేచీ పడింది.

నేను 2000లో కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చి, నాలుగు ఊళ్ళు తిరిగి డాలస్‌లో తేలాను. కన్సల్టెంటుని. మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. డెబ్భై ఏళ్ళు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయనకి పెద్దపేగు చివర, మలాశయంలో, కాన్సర్ గడ్డ ఉందని తేలింది. ముందు ఐదు వారాలు రేడియేషన్, దాంతో పాటు కీమో మాత్రలు. తర్వాత కొన్ని వారాలు ఆగి ఆపరేషన్. ఆ ఆగడం ఎందుకంటే, రేడియేషన్ ప్రభావం అది ఆపిన తర్వాత కూడా కొన్నాళ్ళు సాగుతుంది, గడ్డ ఇంకా కుంచించుకుపోతుంది, ఆ వాపులూ అవీ తగ్గుతాయి. నేను మే మొదటి వారంలో తెనాలి చేరేసరికి రేడియేషన్ అయిపోయింది. ఆపరేషన్ జూన్ ఆఖర్న అన్నారు.

మధ్యలో ఉన్న ఏడు వారాల గురించి ఎవరికీ ఆలోచన లేదు. అది ఖాళీ. "బాగా రెస్టు తీసుకోనీ, బలం పుంజుకుంటాడు" అనేది అందరి మాట. నాన్న కూడా బుద్ధిగా రెస్టు తీసుకుంటున్నాడు. బాత్రూముకి తప్ప లేవడం లేదు. ఆయన పిక్కలు చూస్తే నాకు గుండె జారిపోయింది. బస్సు టైర్లు ఒంటి చేత్తో దొర్లించిన మనిషి, కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించుకుంటున్నాడు.

సర్జన్ గారు మమ్మల్ని ముందే ఒకసారి మత్తు డాక్టరు దగ్గరికి పంపించారు. ఆవిడ నలభై లోపు మనిషి. కాగితాలన్నీ చూసి, నాన్నని "రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కగలరా?" అని అడిగింది. నాన్న నా వంక చూశాడు. ఆవిడ నాన్నతోనే అంది: "పెద్దాయనా, గడ్డ తీసే పని సర్జన్ గారిది. మీరు మేలుకునేలా చూసే పని నాది. దాన్ని తట్టుకునే ఒళ్ళు తెచ్చే పని మాత్రం మీది. టైముంది, నడవండి." హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ సెలైన్‌లో ఎక్కించమని రాసింది. గుండె పరీక్షలు చేయించింది. అవి చూసి, వ్యాయామానికి అడ్డేమీ లేదని కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం తర్వాత మా బంధువుల దగ్గర నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఆవిడ చెప్పిన దానికి వైద్యంలో ఒక పేరుంది. ఆపరేషన్ తర్వాత చేయించే దాన్ని రీహాబిలిటేషన్ అంటారు కదా, ముందు చేయించే దాన్ని ప్రీహాబిలిటేషన్ అంటున్నారు. తెలుగులో దీనికి ఇంకా మాట కుదరలేదు. నేనేమీ డాక్టర్ని కాను గానీ, ఏ పనైనా మొదలెట్టే ముందు దాని మీద ఉన్న కాగితాలన్నీ చదవడం నా వృత్తి రోగం. మా ఊళ్ళో కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఫోన్లో అవే చదివాను.

పెద్ద ఆపరేషన్ అంటే కత్తి గాయం ఒక్కటే కాదు. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు ఒంటికి మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. గుండె, ఊపిరితిత్తులు ఓవర్‌టైము చేయాలి. గాయం మానడానికి కావలసిన సరుకుని ఒళ్ళు తన కండల్లోంచే కరిగించి తెచ్చుకుంటుంది. కండ ముందే కరిగిపోయిన వాడి దగ్గర తెచ్చుకోవడానికి ఏముంటుంది? మా వృత్తిలో ఏ సిస్టమ్‌నైనా జనం మీదికి వదిలే ముందు దాని మీద బరువు పెట్టి చూస్తాం, తట్టుకోకపోతే సర్వర్లు పెంచుతాం. ఈ పోలిక నాన్నకి చెబితే ఆయనకి రుచించలేదు. కాసేపు ఆలోచించి, "శ్రీశైలం ఘాట్ ఎక్కే బండిని డిపోలోనే చూసుకోవాలి. దోర్నాల దాటాక చూసుకునేదేముంది?" అన్నాడు. నాదాని కంటే ఇదే బాగుంది. ఆ ఏడు వారాలూ మా ఇంట్లో ఇదే వాడాం.

మంచం గురించి ఒక సంగతి చెప్పాలి. ఇది మా డాలస్‌లోనే జరిగింది. 1966లో అక్కడి సౌత్‌వెస్టర్న్ మెడికల్ స్కూల్లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని ఐదుగురిని, ఏ జబ్బూ లేని వాళ్ళని, మూడు వారాల పాటు మంచం మీద నుంచి లేవనివ్వకుండా ఉంచారు. లేచాక చూస్తే, ఒళ్ళు ఆక్సిజన్ వాడుకునే శక్తి పావు వంతు పైనే పడిపోయింది. అసలు విడ్డూరం తర్వాత. ముప్ఫై ఏళ్ళు గడిచాక, వాళ్ళకి యాభై వచ్చాక, అదే ఐదుగురినీ మళ్ళీ పిలిచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు తీసుకుపోయిన దాని కంటే, అప్పటి మూడు వారాల మంచం తీసుకుపోయిందే ఎక్కువ. హ్యారీ హైన్స్ రోడ్డు మీద ఆ మెడికల్ స్కూలు ముందు నుంచి నేను కొన్ని వందల సార్లు కారులో వెళ్ళి ఉంటాను. లోపల ఇలాంటిది జరిగిందని తెనాలిలో మా నాన్న మంచం పక్కన కూచుని తెలుసుకున్నాను.

కాన్సర్ ఆపరేషన్ల విషయానికొస్తే, కెనడాలో మాంట్రియల్‌లోని మెగిల్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీద చాలాకాలంగా పని చేస్తున్నారు. 2014లో వాళ్ళు అచ్చేసిన ఒక అధ్యయనంలో పెద్దపేగు కాన్సర్ రోగులు 77 మంది. అందరికీ ఒకటే కార్యక్రమం: వ్యాయామం, ప్రొటీన్ తిండి, మనసు కుదుట పరిచే మాటలు. తేడా అల్లా, సగం మందికి అది ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు మొదలైంది, సగం మందికి తర్వాత మొదలైంది. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాలకి ముందు నుంచి చేసిన వాళ్ళలో 84 శాతం మంది మునుపటి నడకకి తిరిగొచ్చారు. తర్వాత మొదలెట్టిన వాళ్ళలో 62 శాతం. నేను వెళ్ళడానికి కొద్ది వారాల ముందే, 2023 మార్చిలో, 251 మందితో చేసిన ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో తీవ్రమైన చిక్కులు మామూలు పద్ధతిలో దాదాపు 30 శాతం మందికి వస్తే, నాలుగు వారాల తయారీతో వెళ్ళిన వాళ్ళలో 17 శాతం మందికి వచ్చాయి.

అన్నీ ఇలాగే ఉన్నాయని చెబితే అబద్ధమవుతుంది. అదే మాంట్రియల్ వాళ్ళు బాగా నీరసించిన పెద్దవాళ్ళని తీసుకుని 2020లో అచ్చేసిన దాంట్లో, ముందు చేసినా తర్వాత చేసినా నెలలోపు వచ్చే చిక్కుల్లో తేడా కనపడలేదు. మా నాన్న ఏ లెక్కలోకి వస్తాడో నాకు తెలియదు. అయినా ఏడు వారాలు మంచం మీద ఉండటం వల్ల మేలు జరిగిందన్న కాగితం నాకు ఒక్కటీ దొరకలేదు. అది చాలనుకున్నాను.

మా వీధిలో ఒక ఫిజియోథెరపిస్టు కుర్రాడున్నాడు. మోకాళ్ళ ఆపరేషన్లు అయిన వాళ్ళకీ, పక్షవాతం వచ్చిన వాళ్ళకీ ఇళ్ళకెళ్ళి చేయిస్తుంటాడు. అతన్ని పిలిస్తే, "ఆపరేషన్ అయ్యాక కదా సార్ నన్ను పిలిచేది?" అన్నాడు. చెప్పాక మాత్రం మా అందరి కంటే ఉత్సాహంగా దిగాడు. వారానికి రెండు రోజులు వచ్చేవాడు.

ముందు కొలత తీసుకున్నాం. ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడవగలడన్నది ఆస్పత్రుల్లో వాడే పాత పరీక్ష. ఖర్చు లేదు, ముప్ఫై మీటర్ల చదును నేల చాలు. మా ఇంటి ముందు కరెంటు స్తంభం నుంచి టేపు పెట్టి ముప్ఫై మీటర్లు కొలిచి, రెండో చివర సుద్దతో గీత గీశాను. పొద్దున్నే ఐదున్నరకి నాన్న లుంగీ మీద నడక మొదలెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. 286 మీటర్లు. తర్వాత, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తాడో చూశాం. ఏడు. ఆ వయసు మగవాళ్ళకి పన్నెండు కంటే తక్కువైతే కాళ్ళలో బలం తగ్గినట్టు లెక్క.

వ్యాయామం అంటే జిమ్ములూ యంత్రాలూ ఊహించుకోకండి. పొద్దున నడక: రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, మళ్ళీ గట్టిగా. ఎంత గట్టిగా అనడానికి ఫిజియో కుర్రాడు చెప్పిన కొలత, నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. నాన్న మధ్యలో ఘంటసాలని అందుకుంటే వేగం చాల్లేదన్నమాట. సాయంత్రం ఎండ తగ్గాక డాబా మెట్లు. పద్దెనిమిది మెట్లు, పక్కన నేను. గోడకి ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి కూచోవడం. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి దించడం. నేను డాలస్ నుంచి తెచ్చిన రబ్బరు పట్టీ ఆయనకి నచ్చలేదు. ఫ్యాన్ బెల్టులా ఉందన్నాడు. ఇంకా ఆ మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా, గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. దాన్ని సాధారణంగా ఆపరేషన్ అయ్యాక, నొప్పితో ఊపిరే ఆడనప్పుడు చేతికిస్తారు. అప్పుడు నేర్చుకోవడం కంటే నొప్పి లేనప్పుడే నేర్చుకోవడం నయం కదా. మొదట్లో ఒక బంతి లేచేది. రెండో బంతి లేచిన రోజు మా అన్నయ్య కూతురికి వీడియో కాల్ చేసి మరీ చూపించాడు.

తిండి దగ్గరే అసలు గొడవ. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఉండాలంటారు. నాన్న 56 కిలోలు. అంటే డెబ్భై, ఎనభై గ్రాములు. అమ్మ పెడుతున్నది జావ, పళ్ళరసం, చారన్నం. గుడ్డు వేడి చేస్తుందనీ, చేప పడదనీ ఇరుగుపొరుగు చెప్పి ఉన్నారు. డాక్టరమ్మ ఫోన్లో అమ్మతో స్వయంగా మాట్లాడితే గానీ గుడ్లు ఇంట్లోకి రాలేదు. ఒకసారి ఒప్పుకున్నాక ఆవిణ్ణి ఆపలేం. గుడ్డు ఆరు గ్రాములు, గ్లాసు పెరుగు ఏడు అని వంటింటి క్యాలెండరు మీద రాసుకుని, "అన్నంలోకి కూర కాదు, కూరలోకి అన్నం" అని ఆయనకి కంచం మార్చేసింది.

కానీ నడక విషయంలో మాత్రం ఆవిడ చివరిదాకా నా పక్షం కాలేదు. మా పెద్ద మేనత్త పెదరావూరు నుంచి వచ్చి, పొద్దున్నే వీధిలో నాన్న చెమటలు కక్కుతూ తిరగడం చూసి అరుగు మీదే కూలబడింది. "ఏరా, కరెంటు పెట్టిన ఒళ్ళురా అది! అమెరికాలో మీకు ఇదే నేర్పారా? నాలుగు రోజులు నీడ పట్టున ఉండనివ్వరా నా తమ్ముణ్ణి!" అంది. వీధి వీధంతా విన్నది. నేను డాక్టరు కాగితం చూపించాను. ఆవిడకి చదువు రాదు, చదివి వినిపించాను. "ఆవిడకేం, పై మనిషి" అంది. ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు. సొంత మనిషికి కష్టం పెట్టడం పై మనిషికి తేలిక, నిజమే. ఎవరైనా ఒక్కరు ఆ పని చేయాలి కదా అని మాత్రం అనుకున్నాను.

వచ్చే పోయే చుట్టాలు ఇంకో చిక్కు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళ ఎదురుగా ఆయన పడుకునే ఉండాలి, లేకపోతే వాళ్ళకి చూసినట్టుండదు. మూడో వారం నుంచి నాన్నే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరైనా వస్తే, "రండి, మాట్లాడుకుంటూ నడుద్దాం" అని వీధిలోకి తీసుకుపోయేవాడు. రోహిణి కార్తె వచ్చేసరికి చుట్టాలు తగ్గారు. అది ఎండల వల్లో ఈ నడక వల్లో తెలియదు.

నాకు సెలవు మూడు వారాలే. ఆ తర్వాత సాయంత్రం ఏడున్నరకి లాప్‌టాప్ తెరిచి అర్ధరాత్రి దాటేదాకా డాలస్ వాళ్ళ పని, పొద్దున ఐదున్నరకి స్తంభం దగ్గర హాజరు.

నాలుగో వారంలో నాన్నకి విరేచనాలు పట్టుకున్నాయి. రేడియేషన్ తర్వాత ఇవి వస్తూ పోతూ ఉంటాయి. మూడు రోజులు నడక లేదు. నాలుగో రోజు డాక్టరు సరేనన్నా ఆయన లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, "ఎందుకురా ఇదంతా? పోయేవాణ్ణి పోనివ్వక" అన్నాడు. మా నాన్న నోట అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది, "విన్నావుగా, ఇంక ఆపు" అన్నట్టు. నేను ఏమీ మాట్లాడలేదు. పుస్తకంలో అంకెలు చూపిస్తే బాగుంటుందని ఒక క్షణం అనిపించింది కానీ, ఏడుపు ఆపుకుంటున్న మనిషికి అంకెలేం చూపిస్తాం? మంచం మీద కూచుని కాళ్ళు ఒత్తాను. చాలాసేపటికి ఆయనే అన్నాడు: "ఫిబ్రవరి నుంచీ నన్ను జాకీ మీద పెట్టి తలా ఒక బోల్టు విప్పుతున్నార్రా. పడుకోమంటే పడుకున్నా, తిరగమంటే తిరిగా. ఈ నడక ఒక్కటే నేను చేస్తున్నది." ఆ సాయంత్రం కుర్చీ తెమ్మన్నాడు. నాలుగుసార్లు లేచి, చాలన్నాడు. మర్నాడు ఆరు.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు మళ్ళీ కొలిచాం. ఆరు నిమిషాల్లో 352 మీటర్లు, ఆగకుండా. కుర్చీ లెక్క పన్నెండు. బరువు 58 దాటింది. మాంట్రియల్ వాళ్ళు ఇరవై మీటర్లు పెరిగితేనే చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కేశారు; మాది అరవై ఆరు. మత్తు డాక్టరమ్మ ఆస్పత్రి మెట్లు రెండంతస్తులు తను కూడా ఎక్కుతూ ఎక్కించింది. పైన ఆవిడే ఎక్కువ ఆయాసపడిందని నాన్న ఇప్పటికీ చెబుతాడు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. పేగు అతుకు మానేదాకా అని పొట్ట మీద తాత్కాలికంగా సంచి పెట్టారు. మర్నాడు కుర్చీలో కూచున్నాడు. మూడో రోజు చేతిలో సెలైన్ స్టాండు పట్టుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఇక్కడిదాకా విని మీరు సంతోషపడుతుంటే, ఐదో రోజు పేగులు కదలడం మానేశాయి. పొట్ట ఉబ్బి, వాంతులై, ముక్కులోంచి గొట్టం వేశారు. రెండు రోజులు మాకు చుక్కలు కనిపించాయి. ముందు నడిచినంత మాత్రాన ఏమీ రాకుండా పోదు. తర్వాత సర్దుకుంది. పదకొండో రోజు ఇంటికొచ్చాం. బయాప్సీలో గడ్డ అంచులు శుభ్రంగా ఉన్నాయి కానీ ఒక లింఫు గ్రంథిలో ఆనవాళ్ళున్నాయని మళ్ళీ కొన్ని నెలలు కీమో అన్నారు. నడకకీ ఆ రిపోర్టుకీ ఏ సంబంధమూ లేదు. నడక గడ్డని తగ్గించదు. అలా తగ్గిస్తుందని ఎవరైనా మీకు వాట్సాప్‌లో పంపిస్తే నమ్మకండి. ఇంకో మాట కూడా. గుండె జబ్బున్న వాళ్ళూ, రక్తం పోతున్న వాళ్ళూ, ఎముకల్లోకి కాన్సర్ పాకిన వాళ్ళూ డాక్టరు చెప్పకుండా ఇలాంటివి మొదలెట్టకూడదు.

ఏడు వారాల వల్ల మాకు ఎంత కలిసొచ్చిందో లెక్క చెప్పమంటే చెప్పలేను. మంచం మీదే ఉండిపోయిన ఇంకో నాన్న ఉంటే గదా పోల్చి చూడటానికి. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాలకి, కీమో మధ్యలో, 331 మీటర్లు నడిచాడని మాత్రం చెప్పగలను. తర్వాత డాలస్‌లో నా తోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు తమ వాళ్ళకి ఆపరేషనని చెప్పి, ఎప్పుడు వెళితే మంచిదని అడిగారు. అందరూ ఆపరేషన్ రోజుకి టికెట్ కొనుక్కుంటారు. సెలవు ఎటూ తక్కువే కాబట్టి, అందులో కొంత ముందుకి జరపమన్నాను. ఆపరేషన్ థియేటరు బయట కుర్చీలో కూచుని మనం చేసేదేమీ ఉండదు.

2024 ఫిబ్రవరిలో పొట్ట మీది సంచి తీసేసి పేగు మళ్ళీ కలిపే ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆ సంగతి నాన్న ఫోన్లో చెబుతూ, "ఇరవై రెండు రోజులుంది. చాలంటావా?" అని అడిగాడు. మూడు బంతుల డబ్బా అమ్మ ఎక్కడ దాచిందో దొరకడం లేదని విసుక్కున్నాడు. ఈసారి నేను వెళ్ళలేదు. ఆపరేషన్‌కి ముందు ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. సుద్ద గీత వానలకి చెరిగిపోతే మళ్ళీ గీయించిందట. వాచీ పట్టుకుని తనే నిలబడిందట.

"368. రాసుకో" అంది.